హెంప్ వేయమంటున్నారు, వేయమంటారా? ఒక గోగు రైతు ఉత్తరానికి జవాబు

విజయనగరం జిల్లా మెరకముడిదాం మండలం నుంచి ఒక రైతు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"నమస్కారమండి. నాకు మూడెకరాల మెట్ట, ఎకరన్నర పల్లం ఉంది. మా నాన్న రోజుల్లో మెట్టంతా గోగే వేసేవారు. ఇప్పుడు గోగు వేస్తే నార తీసే మనుషులు దొరకరు, ఊరేయడానికి చెరువులో నీళ్ళుండవు, ఉన్నా చేపల పాటదారు ఒప్పుకోడు. మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. మొక్కజొన్న వేస్తే కత్తెర పురుగు తినేసింది. ఈమధ్య చీపురుపల్లిలో ఒకాయన కలిశాడు. హెంప్ అని కొత్త పంట ఉంది, గంజాయి జాతే గాని మత్తు ఉండదు, నార, గింజ రెండూ అమ్ముకోవచ్చు, కేంద్రం పర్మిషన్ ఇచ్చేసింది, ఉత్తరాఖండ్‌లో అందరూ వేస్తున్నారు అంటున్నాడు. ఎకరాకు పాతిక వేలు రిజిస్ట్రేషన్ కడితే విత్తనం ఇచ్చి పంట కూడా తానే కొంటాడట. భయమైతే పొలం కౌలుకిచ్చేయ్, మేమే వేసుకుంటాం అంటున్నాడు. మా పిన్ని కొడుకు కెనడాలో ఉన్నాడు. అక్కడ గంజాయి షాపుల్లోనే అమ్ముతారట, ఇంట్లో నాలుగు మొక్కలు పెంచుకోవచ్చట. సంక్రాంతికి వచ్చేటప్పుడు మా నాన్న మోకాళ్ళకి గంజాయి నూనె తెస్తానంటున్నాడు. ఇంకో చోట తప్పు కానిది ఇక్కడ తప్పెలా అవుతుందండి? వేయమంటారా, వద్దంటారా?"

తమ్ముడూ, వేయకండి. డబ్బు కట్టకండి. పొలం కౌలుకి కూడా ఇవ్వకండి. ఇది చదివి పక్కన పెట్టేసినా ఈ మూడూ మాత్రం గుర్తుంచుకోండి. ఇప్పుడు ఎందుకో చెప్తాను. మీరు అడిగిన ప్రశ్న చాలామంది అడుగుతున్నదే, ఆ ఏజెంటు మీ ఒక్కరి దగ్గరే ఆగుతాడని కూడా నేను అనుకోవడం లేదు.

మన దేశంలో గంజాయి, నల్లమందు, హెరాయిన్ అన్నీ ఒకే చట్టం కిందికి వస్తాయి. 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం అది. అందులో గంజాయి మొక్క అంటే ఏమిటో చెబుతూ, కన్నాబిస్ జాతికి చెందిన ఏ మొక్కైనా అని రాశారు. మత్తు ఎక్కువా తక్కువా, నార రకమా పొగ రకమా అనే విభజన ఆ నిర్వచనంలో లేనే లేదు. మత్తు కలిగించే పదార్థాన్ని టీహెచ్‌సీ అంటారు, అది 0.3 శాతం లోపుంటే హెంప్, దాటితే గంజాయి అని మీ ఏజెంటు చెప్పే ఉంటాడు. ఆ లెక్క అబద్ధం కాదు గాని, అది మన పార్లమెంటు చేసిన చట్టంలోది కాదు. 1976లో కెనడాకు చెందిన ఎర్నెస్ట్ స్మాల్ అనే వృక్షశాస్త్రవేత్త ఇంకొకరితో కలిసి మొక్కల్ని వర్గీకరించడానికి గీసుకున్న గీత అది, తర్వాత ఒక్కో ప్రభుత్వం దాన్ని తన నిబంధనల్లోకి తెచ్చుకుంది. ఆ గీతను ఒప్పుకున్న ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు మీ చేతిలో ఉన్నప్పుడే అది మీకు పనికొస్తుంది. లైసెన్సు లేకుండా మీ మెట్టలో మొలిచింది గంజాయి మొక్క, అంతే. ఎన్‌డీపీఎస్ 20వ సెక్షన్ కింద సాగుకు పదేళ్ళ వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. గంజాయి దగ్గర ఉంచుకున్న కేసుల్లో అయితే కిలో లోపు, ఇరవై కిలోలు, ఆపైన అని శిక్షలో మెట్లున్నాయి. సాగుకు అలాంటి మెట్లు కూడా లేవు.

ఇక "కేంద్రం పర్మిషన్ ఇచ్చేసింది" అన్న మాట దగ్గరకొద్దాం, మోసమంతా ఇక్కడే ఉంది. నల్లమందు పంటకయితే కేంద్రమే లైసెన్సు ఇస్తుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో కొన్ని చోట్ల రైతులు గసగసాల పంట వేసేది గ్వాలియర్‌లో ఉన్న సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ ఇచ్చే లైసెన్సు మీదే. గంజాయి మొక్క సంగతి అలా కాదు. ఆ చట్టంలోనే 10వ సెక్షన్ సాగును అనుమతించే, అదుపు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో పెట్టింది. నార కోసం, గింజ కోసం పరిశ్రమ అవసరాలకు ప్రత్యేక ఉత్తర్వుతో సాగుకు అనుమతి ఇవ్వొచ్చని 14వ సెక్షన్ చెబుతుంది. చరస్‌కు, అంటే ఈ మొక్క జిగురుతో చేసే మత్తుకు, మాత్రం ఏ రాష్ట్రమూ అనుమతి ఇవ్వలేదు, చట్టమే ఆ దారి మూసేసింది. అంటే కేంద్రం తలుపు పెట్టింది, తాళం రాష్ట్రాల దగ్గరుంది. ఉత్తరాఖండ్ తన తాళం కొంచెం తీసింది, మన రాష్ట్రం తీయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతులకు హెంప్ లైసెన్సు ఇచ్చే విధానమే లేనప్పుడు, చీపురుపల్లిలో ఎవరో పాతిక వేలు తీసుకుని చేసే రిజిస్ట్రేషన్ ఏ ఆఫీసులో నమోదవుతుంది? ఈ ఒక్క ప్రశ్న అతన్ని అడగండి చాలు.

మరి ఉత్తరాఖండ్ ఎందుకు ఇచ్చింది, మనం ఎందుకు ఇవ్వలేదు అంటే, ఇది కొంచెం పాత కథ. కుమావ్, గఢ్వాల్ కొండల్లో ఈ మొక్క తరతరాలుగా ఇంటి మొక్క. దాని నారతో తాళ్ళు పేనుకునేవాళ్ళు, ముతక బట్ట నేసుకునేవాళ్ళు, గింజలతో పచ్చడి నూరుకుంటారు, ఇప్పటికీ. మనకు గోగాకు పచ్చడి ఎలాగో వాళ్ళకు అదలాగ. అక్కడ వలసలతో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిపోతుంటే, అడవి పందులు తినని, నీళ్ళు పెద్దగా అడగని పంటగా దీన్ని చూసి 2018లో పౌరీ గఢ్వాల్ జిల్లాలో ఒక పరిశ్రమ సంఘానికి ప్రయోగంగా లైసెన్సు ఇచ్చారు. దేశంలో అదే మొదటిది. 0.3 శాతం దాటకూడదన్నది షరతు. "అందరూ వేస్తున్నారు" అన్నది మాత్రం నిజం కాదు, అక్కడ కూడా లైసెన్సు ఉన్నవాళ్ళే వేయాలి.

పక్కనే ఉన్న హిమాచల్‌ప్రదేశ్‌ని చూడండి. అదే హిమాలయం, అదే మొక్క. కానీ అక్కడ మలానా లాంటి ఊళ్ళ చరస్ ప్రపంచమంతా పేరు మోసింది, అందుకని ఆ ప్రభుత్వం ఆచితూచి అడుగేస్తోంది. 2023లో రెవెన్యూ మంత్రి జగత్ సింగ్ నేగీ అధ్యక్షతన కమిటీ వేశారు, అది వేరే రాష్ట్రాలు కూడా తిరిగి చూసింది. 2024 సెప్టెంబరులో దాని నివేదికను అసెంబ్లీ ఆమోదించింది, 2025 జనవరిలో రెండు వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలతో ప్రయోగాత్మక అధ్యయనానికి మంత్రివర్గం ఒప్పుకుంది. అంత పేరున్న చోటే విత్తనం పరిశోధన క్షేత్రం దాటడానికి ఇన్నేళ్ళు పడుతోంటే, మన దగ్గర ఎవరో సంచుల్లో తెచ్చి రైతుకు అమ్మేస్తానంటే ఎలా నమ్ముతాం?

భంగు, అంటే గంజాయి ఆకు నూరి చేసేది, దాని సంగతి ఇంకో రకం. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వెళ్ళినవాళ్ళు ప్రభుత్వ లైసెన్సుతో నడిచే భంగు దుకాణాలు చూసే ఉంటారు. గంజాయి నిషేధం ఉన్న దేశంలో ఇదెలా సాధ్యం? 1961లో ఐక్యరాజ్యసమితిలో మత్తుమందుల మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరినప్పుడు, శివరాత్రికి, హోలీకి తాగే ఆకును నేరం చేయలేమని మన దేశం పట్టుబట్టింది. పూత మీదున్న కొసలే గంజాయి, విడి ఆకు, విడి గింజ కాదు అన్న నిర్వచనం ఒప్పందంలోకి వచ్చింది, తర్వాత మన చట్టంలోకీ వచ్చింది. కేంద్ర చట్టం ఆకును వదిలేసింది కాబట్టి అది ఒక్కో రాష్ట్రం ఎక్సైజ్ చట్టం చేతిలో పడింది. ఒకరు దుకాణం పెట్టించారు. అస్సాం 1958లోనే గంజాయితో పాటు భంగునూ నిషేధిస్తూ చట్టం చేసింది. మహారాష్ట్రలో 1949 నాటి మద్యనిషేధ చట్టం కింద భంగుకు లైసెన్సు కావాలి. ఒకే ఆకు, ఒకే దేశం, రాష్ట్రం గీత దాటితే ఇంకో న్యాయం. ఇది మీకు అన్యాయంగా అనిపించొచ్చు, కానీ ఆ గీత ఎటువైపు మీరు నిలబడ్డారో తెలుసుకోకుండా పొలంలో కాలు పెట్టకూడదు.

మనం నిలబడ్డ చోటు ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. సాలూరు ఘాట్ దిగి రామభద్రపురం మీదుగా విజయనగరం వచ్చే రోడ్డు కొరాపుట్ నుంచే వస్తుంది. పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీలో, సరిహద్దుకు అటు ఒడిశా కొండల్లో గంజాయి తోటలు ఎన్నేళ్ళుగా ఉన్నాయో, వాటి వెనక బయట రాష్ట్రాల వ్యాపారుల పెట్టుబడి ఎంతుందో అందరికీ తెలుసు. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. 2024 చివర్లో ఈగల్ అనే ప్రత్యేక విభాగం వచ్చింది, డ్రోన్లతో పొలాల మీద నిఘా ఉంది. ఈ వాతావరణంలో మన ప్రభుత్వం, ఏ పార్టీ ఉన్నా సరే, నార రకం అంటూ మైదానంలో సాగుకు తలుపు తీయడానికి భయపడుతుంది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. డ్రోన్ పైనుంచి చూస్తే నార మొక్క, పొగ మొక్క ఒకటే, తేడా తేలేది ల్యాబ్‌లో. ఆ రిపోర్టు వచ్చేలోగా రిమాండ్ అయ్యేది మీరు, విజయనగరం కోర్టు మెట్ల మీద కూర్చునేది మీ నాన్నగారు. పైగా ఆ ల్యాబ్ రిపోర్టులో టీహెచ్‌సీ తక్కువని వచ్చినా లైసెన్సు లేదన్న మాట అలాగే ఉంటుంది.

మీ తమ్ముడు కెనడా గురించి చెప్పింది నిజమే, కానీ సగమే. 2018 అక్టోబరు 17 నుంచి అక్కడ పెద్దవాళ్ళకు గంజాయి చట్టబద్ధం. ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చని కేంద్ర చట్టం చెప్పింది. అయినా క్వెబెక్ రాష్ట్రం మా దగ్గర ఇంట్లో ఒక్క మొక్క కూడా కుదరదంది, దాని మీద కేసు వేస్తే 2023 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు కూడా క్వెబెక్ మాటే నిలబెట్టింది. వయసు చూసినా అంతే, ఆల్బర్టాలో 18 నిండితే చాలు, ఒంటారియోలో 19, క్వెబెక్‌లో 21. క్వెబెక్‌లో ప్రభుత్వ దుకాణాలే అమ్మాలి, ఒంటారియోలో ప్రైవేటు షాపులున్నాయి. ఇంకో సంగతి, ఇది మీ తమ్ముడికి తప్పకుండా చెప్పండి: అక్కడ పౌరసత్వం రాకుండా స్టడీ పర్మిట్ మీదో వర్క్ పర్మిట్ మీదో ఉంటే, మత్తులో బండి నడిపిన కేసు ఒక్కటి పడినా తీవ్రమైన నేరం కింద లెక్కేసి దేశం నుంచి పంపించే వీలుంది, ఎందుకంటే ఆ నేరానికి గరిష్ఠ శిక్షను 2018 డిసెంబరులో పదేళ్ళకు పెంచారు. జేబులో పెట్టుకుని అమెరికా సరిహద్దు దాటినా నేరమే, అటువైపు రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా సరే, సరిహద్దు అమెరికా కేంద్ర ప్రభుత్వానిది, వాళ్ళ కేంద్ర చట్టంలో అది ఇంకా నిషేధమే.

రైతుగా మీకు అసలు కావలసిన సంగతి మీ తమ్ముడికి తెలిసి ఉండకపోవచ్చు. గంజాయి షాపుల్లో అమ్మే ఆ కెనడాలోనే హెంప్ పంట వేయాలంటే రైతుకు ప్రభుత్వ లైసెన్సు కావాలి. 1998 నుంచి అంతే, గంజాయి చట్టబద్ధం అయ్యాక కూడా అంతే. అమెరికాలో 2018 వ్యవసాయ చట్టంతో హెంప్‌ను నిషేధం నుంచి తీసేశారు, అయినా ఐడహో రాష్ట్రం 2021 దాకా ఒప్పుకోలేదు. ఒప్పుకున్న రాష్ట్రాల్లో కోతకు ముందు అధికారులు నమూనా తీసుకుని పరీక్షిస్తారు, గీత దాటితే ఆ పంటను నాశనం చేయడమో, పూత తీసేసి మళ్ళీ పరీక్షకు పెట్టడమో చేయాలి. అదీ కాక, చట్టం మారగానే అక్కడి రైతులు 2019లో ఎగబడి వేశారు, కొనేవాడు లేక ధర కుప్పకూలింది, ఎంతోమంది సరుకు గోదాముల్లోనే ఉండిపోయింది. థాయిలాండ్‌లో 2022 జూన్‌లో గంజాయిని మత్తుమందుల జాబితా నుంచి తీసేశారు, వేల దుకాణాలు వెలిశాయి, మూడేళ్ళు తిరిగేసరికి 2025 జూన్‌లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని మళ్ళీ బిగించారు. అప్పు తెచ్చి షాపు పెట్టినవాడి పరిస్థితి ఆలోచించండి. తీసిన తాళం మళ్ళీ వేయరని నమ్మి పెట్టుబడి పెట్టడం చిన్న రైతు పని కాదు.

రేపు మన ప్రభుత్వం అనుమతి ఇస్తే వేయొచ్చా అని మీరు అడుగుతారు. ఇవ్వాలా వద్దా అన్న దాని మీద నాకొక అభిప్రాయం ఉంది. పరిశోధన జరగాలి. ఆమదాలవలసలో గోగు మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, మన మెట్టలకు ఏఎంవీ రకాలు ఇచ్చింది అదే. అలాంటి చోట, కంచె లోపల, లైసెన్సుతో నార హెంప్‌ని నాలుగైదు ఖరీఫ్‌లు పరీక్షించి చూడమని అడిగే హక్కు మనకుంది, 2012లో కేంద్రం ప్రకటించిన మత్తుమందుల విధానం కూడా తక్కువ మత్తున్న రకాల మీద పరిశోధన జరగాలనే అంది. కానీ ఉత్తరాఖండ్ విత్తనం తెచ్చి మన మెట్టలో చల్లితే పంట వస్తుందనుకోవడం వ్యవసాయం తెలిసినవాడి మాట కాదు. ఈ మొక్క పగటి పొడవును బట్టి పూతకొస్తుంది. గోగు ఆలస్యంగా వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా, ఎదగకముందే పూతకొచ్చి, కర్ర పొట్టిగా ఉండిపోయి, నార రాదు. హెంప్ కూడా అదే స్వభావం. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర ఎండాకాలం పగలు మన 18 డిగ్రీల దగ్గర కంటే ఎక్కువసేపు ఉంటుంది, అక్కడ అలవాటు పడిన రకం ఇక్కడ తొందరపడి పూసేస్తుంది. పూత ముందొస్తే నార తగ్గుతుంది. ఇంకా పెద్ద చిక్కేమిటంటే దీని పుప్పొడి గాలికి చాలా దూరం పోతుంది, ఏజెన్సీ కొండల్లో ఉన్న గంజాయి పుప్పొడి తగిలిన గింజను మళ్ళీ విత్తితే ఆ పంట 0.3 లోపు ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అదీ కాక, హెంప్ నార కూడా గోగు నారలాగే మామూలుగా ఊరేసే తీస్తారు. మీ ఉత్తరంలో గోగు మానేయడానికి చెప్పిన కారణాలు మళ్ళీ చదువుకోండి: నీళ్ళు లేవు, మనుషులు లేరు, మిల్లులు లేవు. ఈ మూడింటిలో ఒక్కటైనా హెంప్ వేస్తే తీరుతుందా? మిల్లు నడవని జిల్లాలో కొత్త నార ఎవరు కొంటారు? ఏజెంటు కొంటాడా? ఏ రేటుకు, ఏ కాగితం మీద? గింజకు కొంత మార్కెట్ ఉన్నమాట నిజమే, హెంప్ గింజ, గింజ నూనె, పిండి తినుబండారాలుగా అమ్ముకోవచ్చని 2021లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతించింది. "కేంద్రం పర్మిషన్" అని అతను చూపించేది బహుశా ఇదే అయ్యుంటుంది. అది తిండి గింజ అమ్మడానికి, దానికి టీహెచ్‌సీ పరిమితులు వేరే ఉన్నాయి. పొలంలో మొక్క వేయడానికి కాదు.

నన్నడిగితే మీ మెట్టకు మార్గం గోగు సమస్యను గోగు దగ్గరే పట్టుకోవడంలో ఉంది. కట్టలకు కట్టలు చెరువులో ముంచకుండా, పచ్చి కర్ర నుంచి బెరడు పట్టీలు ఒలిచి, చిన్న గోతిలో తక్కువ నీళ్ళతో ఊరేసే పద్ధతి ఉంది. బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధన సంస్థ తయారుచేసిన క్రైజాఫ్ సోనా అనే సూక్ష్మజీవుల పొడి వాడితే ఊరే రోజులు తగ్గుతాయి, నార రంగు కూడా బాగుంటుంది. ఇది అన్ని ఊళ్ళలోనూ దొరుకుతుందని చెప్పను. మీ రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడిని అడగండి, ఆయనకు తెలియకపోతే ఒక రోజు బస్సెక్కి ఆమదాలవలస వెళ్ళి నేరుగా కనుక్కోండి. ధాన్యం ప్యాకింగుకు గోనెసంచులు తప్పనిసరి చేసిన 1987 చట్టం ఇంకా నడుస్తోంది, కాబట్టి నారకు గిరాకీ దేశంలో చచ్చిపోలేదు, మన జిల్లాకు అందడం లేదు, అంతే. మూడెకరాలూ గోగు వేయమనడం లేదు. ఒక ఎకరంలో వేసి చూసి, మిగతా దాంట్లో చోడి, కంది, నువ్వు లాంటివి కలిపి వేసుకోండి. ఎకరాకు లక్షలు రావు, నాకూ తెలుసు. ఉన్న భూమి కేసులో ఇరుక్కోకుండా ఉంటుంది.

ఇక ఆ ఏజెంటు. భయమైతే కౌలుకిచ్చేయ్, మేమే వేసుకుంటాం అన్నాడు చూడండి, నాకు బాగా కోపం తెప్పించిన మాట అదే. తెలిసి తన స్థలాన్ని ఇలాంటి పనికి వాడుకోనిచ్చిన యజమానికి కూడా అదే శిక్ష అని 25వ సెక్షన్ చెబుతుంది. మీకు తెలుసని ఈ ఉత్తరమే సాక్ష్యం. అంతేకాదు, తన భూమిలో అక్రమంగా గంజాయి వేస్తున్నట్టు తెలిస్తే వెంటనే పోలీసులకో సంబంధిత అధికారులకో చెప్పాల్సిన బాధ్యత 46వ సెక్షన్ భూమి ఉన్నవాడి మీద పెట్టింది, ఊళ్ళో అలాంటిది తెలిస్తే చెప్పాల్సిన బాధ్యత 47వ సెక్షన్ సర్పంచ్ మీద, గ్రామ అధికారుల మీద పెట్టింది. కాబట్టి మీ సర్పంచ్‌తో మాట్లాడండి, ఈయన ఎన్ని గుమ్మాలు తొక్కాడో కనుక్కోండి. అతని ఫోను మెసేజ్‌లు, కరపత్రం, విజిటింగ్ కార్డు ఏవున్నా పారేయకండి. జిల్లా ఎక్సైజ్ కార్యాలయంలో ఒక కాగితం రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఫోన్‌లో చెప్పాలనుకుంటే ఈగల్ టోల్‌ఫ్రీ నంబరు 1972. ఇప్పటికే అడ్వాన్సు ఏమైనా ఇచ్చారా? మీరు రాయలేదు గాని, ఇచ్చి ఉంటే సిగ్గుపడి దాచకండి, అది చీటింగ్ కేసు, మీరు బాధితుడు. విత్తనం సంచి ఇంటికి చేరిపోయి ఉంటే ఒక్క గింజ కూడా మట్టిలో పడనివ్వకండి, చెత్తకుప్ప మీద కూడా పోయకండి, అక్కడ మొలిచినా మీ మెడకే. విడి గింజ గంజాయి నిర్వచనంలోకి రాదు గాని, ఆ భరోసాతో ఇంట్లో పెట్టుకుని కూర్చోకుండా వకీలును వెంటబెట్టుకుని వెళ్ళి ఆ ఫిర్యాదుతో పాటే అప్పగించేయండి.

నాన్నగారి మోకాళ్ళ సంగతి. కెనడా నుంచి ఆ నూనె తేవద్దని మీ తమ్ముడికి ఇవాళే చెప్పండి, టికెట్ బుక్ చేసుకునే దాకా ఆగకండి. అక్కడ కొన్న రసీదు ఉన్నా, డాక్టరు చీటీ ఉన్నా, పర్మిట్ లేకుండా ఆ దేశం దాటించడం కెనడాలో నేరం, మన విమానాశ్రయంలో దిగడం ఎన్‌డీపీఎస్ కింద దిగుమతి నేరం. ఒక సీసా నూనె కోసం ఆ అబ్బాయి పాస్‌పోర్టు, చదువు, ఉద్యోగం అన్నీ పణంగా పెట్టినట్టవుతుంది. మన దేశంలో గంజాయి ఆకుతో చేసిన ఆయుర్వేద మందులు లైసెన్సున్న కంపెనీలు తయారుచేస్తాయి, అవి వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి, వైద్యుణ్ణి అడగకుండా అంతర్జాలంలో ఆర్డర్ పెట్టి తెప్పించుకునేవి కావు. అయినా ముందు ఆయన్ని ఎముకల డాక్టరుకు చూపించారా? ఎక్స్‌రే తీయించారా? అరుగుదలా, వాపా, బరువా, ఏది కారణమో తేలకుండా ఏ నూనె రాసినా లాభం లేదు. విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల విభాగం ఉంది, ఈ వారంలోనే తీసుకెళ్ళి చూపించండి, డాక్టరు ఏమన్నారో నాకు మళ్ళీ రాయండి.